ఉత్తరాంధ్ర కోర్టు కథలు – 17: ఇద్దరు లాయర్లు, ఒక ఉరిశిక్ష

గతవారం లేవిడి దగ్గర ఆగాం. 1967 అక్టోబరు 31న మొండెంఖల్లు సభకు బయల్దేరిన గిరిజనుల మీద భూస్వాముల మనుషులు తుపాకులు పేల్చడం, కోరన్న, మంగన్న అనే ఇద్దరు చనిపోవడం, మరుసటి ఏడాది ఆ కేసులో ముద్దాయిలు నిర్దోషులుగా ఇంటికి వెళ్ళిపోవడం చెప్పుకున్నాం. కోర్టు మీద కొండవాళ్ళకు మిగిలిన కాస్త ఆశా ఆ తీర్పుతో కొట్టుకుపోయింది. 1968 నవంబరు 25న గరుడభద్రలో జరిగింది ఆ తర్వాతి కథ.

అది చదివిన ఒక పాఠకుడు ఓ ప్రశ్న వేశారు. ఆ శ్రీకాకుళం గిరిజన ఉద్యమంలో మాస్టార్లున్నారు, డాక్టరున్నాడు, కవి ఉన్నాడు. లాయరు లేడా? ఉంటే, శిక్ష పడ్డాక ఆయన నల్లకోటు ఏమయ్యేది? చెరసాలకు వెళ్ళొచ్చిన వకీలు మళ్ళీ కోర్టు మెట్లెక్కి ‘మిలార్డ్’ అనొచ్చా?

లాయరున్నాడు. ఆయన్ని వెతుక్కుంటూ వెళ్ళాలంటే నౌపడాలో చిన్నబండి ఎక్కాలి.

ఇప్పుడా బండి లేదు. 2004లో ఆపేసి, తర్వాత పట్టాలు వెడల్పు చేసి పెద్ద రైలు నడుపుతున్నారు. అంతకుముందు అది రెండున్నర అడుగుల పట్టాల మీద, పర్లాకిమిడి రాజావారు వేయించిన లైను మీద నడిచేది. 1900లో పర్లాకిమిడి దాకా, 1931లో గుణుపురం దాకా వెళ్ళింది. నౌపడా ఉప్పుమళ్ళ దగ్గర ఎక్కితే టెక్కలి, టెంబూరు, పాతపట్నం దాటి వంశధార వెంబడి కొండల్లోకి పోయేది. పరుగెత్తి ఎక్కొచ్చు, మధ్యలో దిగి మళ్ళీ అందుకోవచ్చని ఆ ప్రాంతం పెద్దవాళ్ళు ఇప్పటికీ నవ్వుకుంటూ చెప్తారు. ఆ లైను చివరి స్టేషను గుణుపురం. ఒడియా, తెలుగు, సవర మూడూ ఒకే బజారులో వినపడే ఊరు. ఇవాళ ఒడిశాలో ఉంది. 1936 ఏప్రిల్ 1కి ముందు మాత్రం మద్రాసు రాజధానిలోని విశాఖపట్నం జిల్లా ఏజెన్సీ తాలూకా.

1934 నవంబరు 27న నాగభూషణ్ పట్నాయక్ పుట్టినప్పుడు అది ఇంకా మన జిల్లాయే. పెద్దయ్యాక ఆయన లా చదివి ప్లీడరయ్యాడు. రాయగడ వైపు కార్మిక సంఘాల్లో, కొండల్లో ఆదివాసుల భూమి తగాదాల్లో తిరిగాడు. శ్రీకాకుళం ఏజెన్సీలో వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం నడిపిన ఉద్యమం రాష్ట్ర సరిహద్దు దాటినప్పుడు అవతలి ఒడ్డున చెయ్యి కలిపింది ఈయనే. 1969లో పట్టుబడ్డాడు. విశాఖ సెంట్రల్ జైల్లో పెట్టారు. అక్టోబరులో మరికొందరితో కలిసి గోడ దాటేశాడు. 1970లో కలకత్తాలో మళ్ళీ దొరికాడు. హత్యానేరం మీద విశాఖ సెషన్స్ కోర్టు ఉరిశిక్ష వేసింది. క్షమాభిక్ష అడగనన్నాడు.

అక్కడ ఆగుదాం. ఈ మాటలో ఒక విచిత్రం దాగుంది, తర్వాత విప్పుతాను. ముందు సన్నదు సంగతి.

సన్నదు అంటే ఈ కాలం లాయర్లకు గోడకు తగిలించుకునే చట్రం. ఒకసారి పేరెక్కితే జీవితాంతం. తాతల నాటి సంగతి వేరు. 1879 నాటి లీగల్ ప్రాక్టీషనర్స్ చట్టం కింద ప్లీడరుకు స్టాంపు కాగితం మీద సర్టిఫికెట్టు ఇచ్చేవాళ్ళు. అది ఆ సంవత్సరం చివరి దాకానే చెల్లేది, ఏటేటా రుసుము కట్టి కొత్తది తెచ్చుకోవాలి. సైకిలుకు లైసెన్సు బిళ్ళ కొన్న తరానికి ఇది వెంటనే అర్థమవుతుంది. చికాకోలు మున్సబు కోర్టులో వాదించే ప్లీడరు మెడ మీద హైకోర్టు చెయ్యి ఏడాదికోసారైనా పడేది.

‘కన్యాశుల్కం’ను మనం గిరీశం కోసం, మధురవాణి కోసం చదువుతాం. ఓసారి వకీళ్ళ కోసం చదివి చూడండి. 1892లో విజయనగరంలో ఆడిన ఆ నాటకం 1909లో ఇప్పుడు మనం చదివే రూపానికి వచ్చేసరికి అందులో ఓ చిన్న బారు అసోసియేషనే తయారైంది. వకీలు సౌజన్యారావు పంతులున్నారు, ప్లీడరు భీమారావు పంతులున్నారు, ప్రైవేటు వకీలు నాయుడున్నాడు. వీళ్ళందరికీ బేరాలు తెచ్చి, సాక్షుల్ని పుట్టించి, రెండు వైపులా దండుకునే రామప్పపంతులున్నాడు. సంస్థానం కొలువులో దావా కాగితాలు దగ్గరగా చూసిన గురజాడకు ఈ మెట్లన్నీ తెలుసు. 1879 చట్టమూ అచ్చంగా వీళ్ళనే దృష్టిలో పెట్టుకుంది. దళారీకి కమిషనిచ్చి కేసు తెచ్చుకున్న ప్లీడరుకు ఒక సెక్షను, దళారీల పేర్లు జాబితా కట్టి కోర్టు గుమ్మం ఎక్కనివ్వకుండా చెయ్యడానికి ఇంకో సెక్షను.

మనక్కావలసింది పన్నెండో సెక్షను. నేరం రుజువై శిక్ష పడ్డ ప్లీడర్ని హైకోర్టు కొంతకాలం ఆపొచ్చు, లేదా తీసేయొచ్చు అంటుంది. కానీ ఏ నేరమైనా సరే అనలేదు. ప్లీడరు పనికి తగడని తేల్చేటంత లోపం అతని నడవడిలో ఉందని ఆ నేరం చెప్పాలి. ఈ ఒక్క మెలిక మీదే వందేళ్ళు వాదనలు నడిచాయి. శిక్ష పడిందా లేదా అన్నది కాగితం చూస్తే తెలిసిపోతుంది. ఆ నేరం మనిషి గురించి ఏం చెబుతోందన్నది ఏ కాగితంలోనూ ఉండదు. అది జడ్జి తన కళ్ళతో చదువుకోవాలి.

మరి తెల్లదొర కళ్ళతో చదివితే రాజద్రోహం ఎలా కనపడుతుంది?

చికాకోలు ప్లీడరుకైనా తూత్తుకుడి ప్లీడరుకైనా పైకోర్టు మద్రాసు హైకోర్టే కాబట్టి తూత్తుకుడి కథ మన కథే. వి.ఓ. చిదంబరం పిళ్ళై అక్కడి ప్లీడరు. ఇంగ్లీషు కంపెనీకి పోటీగా స్వదేశీ ఓడలు నడిపాడు. 1908లో రాజద్రోహం కింద ఆయనకు రెండు యావజ్జీవ ప్రవాస శిక్షలు పడ్డాయి. అప్పీళ్ళలో తగ్గాయి. కోయంబత్తూరు జైల్లో ఎద్దు బదులు ఆయన్ని గానుగకు కట్టారు. సన్నదు పీకేశారు. 1912 చివర్లో బయటికి వచ్చాక బతుకు తెరువు లేదు. మద్రాసులో చిల్లర వ్యాపారాలు చేసి దెబ్బతిన్నాడు. చివరికి ఇ.హెచ్. వాలెస్ అనే ఇంగ్లీషు జడ్జి పూనుకుని ఆ సన్నదు తిరిగి ఇప్పించాడు. పిళ్ళైగారు కోవిల్‌పట్టిలో మళ్ళీ ప్రాక్టీసు పెట్టారు. పుట్టిన కొడుక్కి ఆ దొర పేరే తమిళంలోకి మలచి వాలేశ్వరన్ అని పెట్టుకున్నారు. గానుగకు కట్టిన ప్రభుత్వంలోనే సన్నదు ఇప్పించిన మనిషీ ఉన్నాడు.

గాంధీకి అలాంటి వాలెస్ దొరకలేదు. 1922 మార్చిలో అహ్మదాబాదులో ఆరేళ్ళ శిక్ష పడింది. అదే నవంబరులో లండన్ ఇన్నర్ టెంపుల్ వాళ్ళు ఆయన పేరు బారిస్టర్ల జాబితా నుంచి కొట్టేశారు. తిరిగి రాసింది 1988లో. అప్పటికి ఆయన పోయి 40 ఏళ్ళు.

ఇప్పుడు బరంపురం వెళ్దాం. చికాకోలు అప్పట్లో గంజాం జిల్లాలోదే కనుక ఇదీ పక్కిల్లే.

వరాహగిరి వెంకటగిరి 1894లో బరంపురంలో తెలుగింట పుట్టాడు. నాన్నగారు జోగయ్య పంతులు పేరున్న ప్లీడరు. కొడుకుని లా చదవడానికి ఐర్లండు పంపారు. డబ్లిన్‌లో ఈయన చదువుకన్నా ఐరిష్ తిరుగుబాటుదారుల సావాసం ఎక్కువైంది. 1916 ఈస్టరు తిరుగుబాటు అణిగాక దేశం వదిలి పొమ్మని నోటీసిచ్చారు. గడువు జులై 1. జూన్ 21న డబ్లిన్‌లోనే ఆయన్ని బారిస్టరుగా చేర్చుకున్నారు. మనిషిని గెంటేయబోతున్న ఊళ్ళోనే చేతికి పట్టా ఇచ్చారన్నమాట. పోలీసువాడి పుస్తకం వేరు, బారువాడి పుస్తకం వేరు అనడానికి ఇంతకంటే ముచ్చటైన ఉదాహరణ నాకు దొరకలేదు.

తిరిగొచ్చి బరంపురంలో ప్రాక్టీసు పెట్టాడు. గాంధీ పిలిస్తే కోర్టు మానేశాడు. 1922లో కల్లు సారా దుకాణాల ముందు పికెటింగుకు అరెస్టయ్యాడు. క్విట్ ఇండియాలో మళ్ళీ జైలు. మద్రాసులో కార్మిక మంత్రయ్యాడు. ఇక 1969 ఆగస్టు 24న భారత రాష్ట్రపతిగా ప్రమాణం చేశాడు.

తేదీ చూశారా? గిరిగారు రాష్ట్రపతి భవన్‌లో అడుగు పెట్టిన నెలన్నరకే విశాఖ జైలు గోడ దూకారు నాగభూషణ్ పట్నాయక్. ఆయనకు ఉరిశిక్ష పడ్డప్పుడు రాష్ట్రపతి గిరిగారే. ఉరి పడ్డ ఖైదీ క్షమాభిక్ష అర్జీ గవర్నరు దగ్గర తప్పితే ఆఖరికి వెళ్ళేది రాష్ట్రపతి బల్ల మీదికి. బరంపురం, గుణుపురం ఒకప్పుడు పక్కపక్క జిల్లాలు, రెండూ మద్రాసు రాజధానిలోవే, రెండూ ఒకేరోజు ఒడిశాకు వెళ్ళిన ఊళ్ళు. ఒక ఊరి జైలు చూసిన లాయరు చేతిలో ఇంకో ఊరి జైల్లో ఉన్న లాయరు ప్రాణం. పట్నాయక్ అర్జీ పెట్టనన్నాడు కాబట్టి ఆ కాగితం ఆ బల్ల మీదికి ఆయన చేత్తో వెళ్ళలేదు. తర్వాత శిక్ష యావజ్జీవంగా మారింది. నాటకంలో రాస్తే మరీ కుదిర్చినట్టుందని విమర్శకుడు తిట్టిపోసే సన్నివేశం ఇది. చరిత్రకు ఆ మొహమాటం లేదు.

వీళ్ళిద్దర్నీ ఒకే గాటన కట్టేస్తున్నానని కొందరు కోప్పడతారు. కట్టడం లేదు. గిరి చేసింది దుకాణం ముందు నిలబడటం. పట్నాయక్ మీద రుజువైంది హత్య. వర్గశత్రు నిర్మూలన అని దానికి ఆ రోజుల్లో పేరు పెట్టారు. పేరు మార్చినంత మాత్రాన చచ్చినవాడు లేచి రాడు. చనిపోయినవాళ్ళకూ పెళ్ళాం పిల్లలున్నారు. కానీ 1879 చట్టం అడిగిన ప్రశ్నను ఆయన ముందు పెట్టి చూడండి. ఈ నేరం ఈయన నడవడి గురించి ఏం చెబుతోంది? సొమ్ముకోసం చెయ్యలేదు. క్లయింటును ముంచలేదు. ప్రాణం దక్కించుకోవడానికి ఒక్క సంతకం కూడా పెట్టలేదు. అయినా మనుషుల ప్రాణం తీయడం సబబేనని నమ్మాడు. న్యాయస్థానమే అక్కర్లేదని నమ్మినవాడు న్యాయవాదిగా ఉండగలడా అంటే, ఉండలేడనే నా జవాబు. అది శీలదోషమా అంటే మాత్రం నా కలం ఆగిపోతుంది.

ఇదే ప్రశ్న ఇంకో ఖండంలో ఒక కోర్టు ముందుకు నేరుగా వచ్చింది. 1952లో దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష చట్టాలను ధిక్కరించిన ఉద్యమంలో నెల్సన్ మండేలాకు తొమ్మిది నెలల శిక్ష పడింది, అమలు నిలిపి ఉంచారు. అప్పటికే ఆయన జొహానెస్‌బర్గ్‌లో అటార్నీ. ట్రాన్స్‌వాల్ లా సొసైటీ ఆయన పేరు కొట్టెయ్యమని కోర్టుకెక్కింది. 1954లో జడ్జి రామ్స్‌బాటమ్ కాదన్నాడు. చట్టం మీరడం తప్పే, దానికి శిక్ష పడింది. కానీ తన జాతివాళ్ళకు మేలు చేద్దామనుకున్నవాడిలో అటార్నీకి తగని నీచత్వం ఏదీ కనపడలేదన్నాడు. ఖర్చులు కూడా లా సొసైటీయే కట్టుకోవాల్సి వచ్చింది. తెల్లవాళ్ళ ప్రభుత్వం, తెల్లవాళ్ళ సొసైటీ, తెల్ల జడ్జి. మండేలా ఇంకా ఆయుధం పట్టని రోజులవి. పట్టాక అదే కోర్టు ఏమనేదో మనకు తెలీదు.

మళ్ళీ విశాఖ. ఆర్టీసీ కాంప్లెక్సు ఎదురుగా ఇవాళ సెంట్రల్ పార్కు ఉంది కదా, సాయంత్రం పూట పిల్లలు ఉయ్యాలలూగే చోటు. పాత సెంట్రల్ జైలు అక్కడే ఉండేది. బస్సు దిగి అరకు వెళ్ళేవాళ్ళు, కేజీహెచ్‌కు వెళ్ళేవాళ్ళు ఆ పొడుగాటి గోడ పక్కనుంచే నడిచేవాళ్ళు. శ్రీకాకుళం కొండల్లో దొరికినవాళ్ళతో, పార్వతీపురం కుట్ర కేసు ముద్దాయిలతో, బెంగాలు నుంచి తెచ్చిన కానూ సన్యాల్ లాంటివాళ్ళతో 1970లలో ఆ జైలు నిండిపోయింది. ఖైదీలు మళ్ళీ పారిపోకుండా గోడ మీద కరెంటు తీగలు లాగారు. బయట సాయుధ పోలీసుల్ని పెట్టారు.

లోపలి ఖైదీలు దాని మీద సుప్రీంకోర్టుకు వెళ్ళారు. డి. భువన్‌మోహన్ పట్నాయక్ పేరు మీద నడిచిన ఆ కేసులో 1974 సెప్టెంబరులో తీర్పొచ్చింది. రాసింది జస్టిస్ వై.వి. చంద్రచూడ్. శిక్ష పడినంత మాత్రాన ఖైదీ ప్రాథమిక హక్కులన్నీ ఊడిపోవన్న మాట ఈ దేశంలో గట్టిగా నాటుకున్నది ఈ తీర్పుతోనే. లా పుస్తకాల్లో అందరూ ఎత్తి రాసే వాక్యం అది. తీగలు తీయించండి అన్న అర్జీ మాత్రం నెగ్గలేదు. గోడెక్కితేనే కదా షాకు కొట్టేది అన్న ధోరణి.

నాకు మాత్రం ఆ వాక్యం పక్కనున్న ఇంకో మాట మీద కన్ను పడింది. జైల్లో ఉన్నవాడు ఏమేం కోల్పోతాడో చెబుతూ చంద్రచూడ్ రెండు ఉదాహరణలిచ్చారు. ఒకటి దేశంలో ఇష్టమొచ్చినట్టు తిరగడం. రెండోది వృత్తి చేసుకోవడం. వృత్తిలో ఉన్నవాడు శిక్ష అనుభవిస్తున్నంత కాలం తన దగ్గరికొచ్చేవాళ్ళకు సలహాలివ్వలేడన్నారు. ఆస్తి కొనుక్కోవచ్చు, అమ్ముకోవచ్చు, దానికి గోడ అడ్డం కాదన్నారు. జాగ్రత్తగా చదివితే ఇందులో ఒక లెక్క ఉంది. వృత్తిని ఆపుతున్నది గోడ. గోడ ఉన్నంతసేపే ఆపుతుంది. గోడ బయటికొచ్చాక ఆపాలా వద్దా అన్నది వేరే వాళ్ళ పని.

ఆ వేరే వాళ్ళు బార్ కౌన్సిలు. 1961 నాటి అడ్వకేట్స్ చట్టం వచ్చాక వకీలు, ప్లీడరు, ఫస్టు గ్రేడు, సెకండు గ్రేడు మెట్లన్నీ పోయి అందరూ అడ్వకేట్లయ్యారు. శిక్షించే అధికారం హైకోర్టు చేతిలోంచి లాయర్లు ఎన్నుకున్న కౌన్సిలు చేతికొచ్చింది. 35వ సెక్షను. మందలించొచ్చు, కొంతకాలం ఆపొచ్చు, పేరే తీసేయొచ్చు. పైన ఢిల్లీలో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, ఆ పైన సుప్రీంకోర్టు. రాష్ట్ర కౌన్సిలు ఏడాదిలో తేల్చకపోతే ఫిర్యాదు ఢిల్లీకి పోతుంది. పాత చట్టంలోని నడవడి లోపం మాట ఈ సెక్షనులో కనపడదు. ‘వృత్తిపరమైన లేదా ఇతర దుష్ప్రవర్తన’ అని మాత్రం ఉంది. శిక్ష పడితే పేరు దానంతటదే ఎగిరిపోతుందని ఎక్కడా రాయలేదు. ఎవరో ఒకరు ఫిర్యాదు చెయ్యాలి, లేదా కౌన్సిలే కళ్ళు తెరవాలి.

1973లో 24ఏ అని ఒక సెక్షను చేర్చారు. నైతిక పతనంతో కూడిన నేరంలో శిక్ష పడ్డవాణ్ణి లాయరుగా చేర్చుకోకూడదు. అంటరానితనం నేరాల చట్టం కింద శిక్ష పడ్డా చేర్చుకోకూడదు. (ఈ రెండోదాన్ని ఎవరూ పెద్దగా చెప్పుకోరు. కోర్టు గుమ్మం దగ్గర కులం పేరుతో ఒకణ్ణి తోసేసినవాడు ఆ గుమ్మంలోంచే లోపలికి రాకూడదనడం నాకు ఈ చట్టంలో అన్నిటికన్నా నచ్చిన ముక్క.) బాగానే ఉంది. కింద ఇంకో వాక్యం కూడా ఉంది. విడుదలై రెండేళ్ళయితే ఈ అడ్డంకి తొలగిపోతుంది. రెండేళ్ళు! హత్య చేసి వచ్చినా రెండేళ్ళే, చెక్కు ఫోర్జరీ చేసి వచ్చినా రెండేళ్ళే. పైగా ఈ తలుపు కొత్తగా వచ్చేవాళ్ళకే. ఇప్పటికే లోపలున్నవాడికి శిక్ష పడితే? సెక్షను పెదవి విప్పదు.

ఈ మౌనం ఎంత దూరం తీసుకెళ్ళిందో ఉత్తరప్రదేశ్ బదాయూఁ కథ చూడండి. 1971 మే నెల, మధ్యాహ్నం భోజన విరామం, మెజిస్ట్రేటు కోర్టు హాలు. ఒక లాయరు ఎదుటి పక్షం మనిషిని కత్తితో పొడిచాడు. హత్యాయత్నం రుజువై మూడేళ్ళ కఠిన శిక్ష పడింది. హైకోర్టు ఖాయం చేసింది. ఆయన జైలుకు వెళ్ళలేదు. శిక్ష నిలిపేస్తున్నట్టు గవర్నరు పేరు మీద ఒక ఉత్తర్వు చూపించాడు. ఆ ఉత్తర్వు దొంగదని తర్వాత తేలింది. రాష్ట్ర కౌన్సిలు రెండేళ్ళు ఆపింది, ఢిల్లీ కౌన్సిలు దాన్నీ కొట్టేసింది. కోర్టు హాల్లో కత్తి దూసి, గవర్నరు పేరు మీద దొంగ ఉత్తర్వు చూపించిన మనిషి పేరు జాబితాలోంచి పోయింది 1997లో. సుప్రీంకోర్టు తీసేస్తే పోయింది. నల్లకోటువాళ్ళు నల్లకోటువాడికి తీర్పు చెబితే ఎలా ఉంటుందో 26 ఏళ్ళు చూపించిన కేసు ఇది. పాత పద్ధతిలో హైకోర్టు చేతిలోనే అధికారం ఉంటే ఇంత సాగేది కాదని వాదించేవాళ్ళున్నారు. వాళ్ళను కాదనడానికి నా దగ్గర మాట లేదు.

సొమ్ము విషయంలో మాత్రం మనవాళ్ళు మొదట్నుంచీ కఠినమే. మన ఆంధ్రలోనే గుంటూరు లాయరొకాయన, కోర్టులో డిపాజిటైన పంట డబ్బు పదిహేను వందలకు కాస్త తక్కువ తీసుకుని క్లయింట్లకు ఇవ్వలేదని ఫిర్యాదొచ్చింది. ఆయనకు క్రిమినల్ శిక్ష ఏదీ పడలేదు. అయినా పాత 1926 బార్ కౌన్సిల్స్ చట్టం కింద హైకోర్టు అయిదేళ్ళు ప్రాక్టీసు ఆపేసింది. 1963లో సుప్రీంకోర్టు అది సరేనంది. పొడిచినవాడికి రెండేళ్ళు, పదిహేను వందలకు అయిదేళ్ళు. క్లయింటు జేబు ముట్టుకుంటే బారుకు నొప్పి వెంటనే తెలుస్తుంది.

2016 జులై 5న మహీపాల్ సింగ్ రాణా కేసులో సుప్రీంకోర్టు ఆ మౌనాన్ని చెరిపింది. ఎటాలో ఒక సివిల్ జడ్జిని కోర్టులోనే బెదిరించిన లాయరు మీద కోర్టు ధిక్కారం కేసది. 24ఏ తలుపు కొత్తవాళ్ళకే కాదు, లోపలున్నవాళ్ళకూ వర్తిస్తుందంది. ఎంత ఘోరమైన నేరం చేసినవాడైనా రెండేళ్ళు గడిస్తే చేరిపోవచ్చనడం బాగాలేదనీ, చట్టాన్ని మళ్ళీ చూడాలనీ చెప్పింది. లా కమిషను 2017లో 266వ నివేదిక ఇచ్చింది. పుస్తకంలో మాత్రం ఇంకా రెండేళ్ళే.

నాగభూషణ్ పట్నాయక్ దగ్గరికి తిరిగొద్దాం. 1981లో జబ్బు చేసి పెరోలు మీద బయటికి వచ్చారు. కోర్టుకు పోలేదు. ఇండియన్ పీపుల్స్ ఫ్రంట్‌కు అధ్యక్షుడయ్యారు. తుపాకీ పక్కనపెట్టి సభలూ ఎన్నికలూ అంటూ తిరిగారు. ఉరికంబం మెట్ల దాకా వెళ్ళినా వంచని తల మీదే జీవితమంతా జబ్బు మోశారు. 1998 అక్టోబరు 9న పోయారు. విశాఖ జైలు గోడ దాటింది కూడా ఓ అక్టోబరులోనే.

1879 చట్టం ఆయనకంటే ఎక్కువ కాలం బతికింది. 1961లో చాలా భాగం పోయినా, దళారీల సెక్షను ఒక్కటీ పట్టుకుని 60 ఏళ్ళు వేలాడింది. 2023 సవరణతో అదీ పోయింది, 2024 సెప్టెంబరు 30 నుంచి అమలు. రామప్పపంతుల్ని ఆపే పని ఇప్పుడు అడ్వకేట్స్ చట్టంలోని 45ఏ సెక్షనుది.

ఒక మనవి. ఏటేటా కొత్తది తెచ్చుకోవలసిన ఆ ప్లీడరు సర్టిఫికెట్లు శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం, బొబ్బిలి వైపు పాత ఇళ్ళలో భోషాణాల అడుగున ఇంకా ఉండి ఉంటాయి. మీ తాతగారిదో ముత్తాతగారిదో దొరికితే పాత కాగితాలవాడికి కిలోల లెక్కన వేసెయ్యకండి. ఒక ఫోటో తీసి, ఏ ఊరి కోర్టు, ఏ సంవత్సరమో రాసి పత్రిక చిరునామాకు పంపండి. మధ్యలో ఒక సంవత్సరం కాగితం లేకపోతే, ఎందుకు లేదో ఇంట్లో ఎవరికైనా తెలిస్తే అదీ రాయండి.

వచ్చేవారం: పార్వతీపురం కుట్ర కేసు.